డిఫ్‌లో లేని లైన్లు: మా కెర్నల్ మెమరీ అలొకేటర్ రివ్యూ డైరీ

1వ రోజు

ఆరు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు వచ్చాయి (మారిన లైన్ల జాబితానే డిఫ్ అంటాం). మేం కొద్దిమందిమి కలిసి రాసుకుంటున్న చిన్న కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీ అలొకేటర్‌ని, అంటే అడిగినవాళ్లకు మెమరీ పంచే కోడ్‌ని, వేగంగా పనిచేసేలా మార్చే పని ఇది. రాసింది టీమ్‌లో అందరికంటే చిన్నవాడు, రివ్యూ నా వంతు. ఒప్పుకున్నప్పటి నుంచీ కొంచెం టెన్షన్‌గానే ఉంది. డిస్క్ డ్రైవర్‌లో తప్పు ఉంటే అది చాలాసార్లు డిస్క్ దగ్గరే బయటపడుతుంది. అలొకేటర్ తప్పు అలా కాదు, అది వేరేవాళ్ల నెత్తిన పడుతుంది. ఒకే 64 బైట్ల ముక్కను పొరపాటున ఇద్దరికి ఇచ్చామనుకోండి, ఎప్పుడో గంట తర్వాత నెట్‌వర్క్ కోడ్ కూలిపోతుంది. మనం నెట్‌వర్క్ కోడ్‌లో రెండు రోజులు వెతుక్కుంటూ కూర్చుంటాం. అందుకే తొందరపడకుండా, రోజుకు ఒకటి రెండు ప్యాచ్‌లకు మించకుండా చదవాలనుకున్నాను. చూసింది చూసినట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ముందు ఇప్పుడున్న ఏర్పాటు. అడుగున బడ్డీ అలొకేటర్ ఉంది. 4 కేబీ పేజీలను జంటలుగా కలుపుతూ, అవసరమైతే విడదీస్తూ 4 ఎంబీ దాకా ఇస్తుంది. లైనక్స్‌లో లాగే ఆర్డర్ 0 నుంచి 10 వరకు పెట్టుకున్నాం. దాని పైన స్లాబ్ పొర. అది బడ్డీ దగ్గర పేజీలు తెచ్చుకుని 16, 32, 64 అంటూ 2048 బైట్ల దాకా ఒకే సైజు ముక్కలుగా కోసి పంచుతుంది. జెఫ్ బాన్విక్ 1994లో సోలారిస్ 2.4 కోసం చేసిన పద్ధతి ఇది. ఇంత కాలమైనా అసలు ఆలోచన అలాగే నిలబడింది.

మా ఇబ్బంది లాక్ దగ్గర. ఒక్కో సైజుకు ఒక్కటే స్పిన్‌లాక్ (దొరికేదాకా అక్కడే తిరుగుతూ వేచి ఉండాల్సిన తాళం) ఉంది. నాలుగు కోర్లూ ఒకేసారి 64 బైట్లు అడిగితే ఒకటి లోపలికి వెళ్తుంది, మూడు బయట తిరుగుతూ ఉంటాయి. దీనికి మందు మ్యాగజైన్లు. ప్రతి కోర్‌కూ తన చేతి కిందే కొన్ని ముక్కల నిల్వ ఉంటుంది. కావాలంటే అందులోంచి తీసుకుంటుంది, వదిలేస్తే అందులోనే పెడుతుంది, ఖాళీ అయినప్పుడో నిండినప్పుడో మాత్రమే లాక్ జోలికి వెళ్తుంది. ఇది కూడా బాన్విక్‌దే, జొనాథన్ ఆడమ్స్‌తో కలిసి 2001లో ప్రచురించారు.

మొదటి ప్యాచ్ చదివాను. కమిట్ మెసేజ్‌లో "కోడ్ సర్దడం మాత్రమే, ప్రవర్తనలో మార్పు లేదు" అని ఉంది. ఇలాంటి ప్యాచ్‌లనే నేను ఇంకా నెమ్మదిగా చదువుతాను, ఎందుకంటే మిగతా అందరూ వీటిని పైపైన చూసి వదిలేస్తారు. సైజు లెక్కను ఒక చిన్న ఫంక్షన్‌లోకి మార్చాడు. ఆ మార్పులో రెండు లైన్లు స్థానాలు మార్చుకున్నాయి. పాత కోడ్ ముందు "2048 దాటిందా, అయితే బడ్డీకి పంపు" అని చూసి, ఆ తర్వాత సైజును 16 గుణిజానికి పెంచేది. కొత్త కోడ్ ముందే పెంచి, తర్వాత చూస్తోంది.

పెంచడం అంటే 15 కలిపి కింది నాలుగు బిట్లు చెరపడం. అడిగిన సైజు 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అయితే 15 కలపగానే చుట్టు తిరిగి 14 అవుతుంది, బిట్లు చెరిపితే సున్నా. సున్నా అడిగితే మా కోడ్ 16 బైట్ల ముక్క ఇస్తుంది. అడిగినవాడు తనకు కావాల్సినంత చోటు దొరికిందనుకుని పక్కవాడి మీద రాసుకుంటూ పోతాడు. అంత పెద్ద సైజు ఎవరు అడుగుతారు అనుకోవడానికి లేదు. బయటి నుంచి వచ్చిన లెక్కను ఒక స్ట్రక్చర్ సైజుతో గుణించే చోట ఇలాంటి సంఖ్యలు పుడతాయి. లైనక్స్‌లో కేమలాక్_అర్రే అని వేరే ఫంక్షన్ పెట్టి, గుణకారం పొంగితే నల్ (మెమరీ దొరకలేదన్న జవాబు) ఇచ్చేలా చేసింది అందుకే.

కామెంట్ ఇలా పెట్టాను: "ఇక్కడ ప్రవర్తన మారిందని నాకు అనిపిస్తోంది. సైజుగా అతి పెద్ద సంఖ్య ఇస్తే పాత కోడ్ ఏం ఇస్తుంది, కొత్తది ఏం ఇస్తుంది, ఒకసారి నడిపి చూస్తావా?" తప్పు ఉందని నేనే తేల్చి చెప్పేస్తే ఆ లైన్లు మారతాయి. తనే నడిపి చూసుకుంటే అలాంటి చోటు మళ్లీ వచ్చినప్పుడు తనే ఆగుతాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది: "నిజమే అక్కా, 16 బైట్లు ఇస్తోంది. దీనికో టెస్ట్ కూడా రాస్తున్నా."

2వ రోజు

రెండో ప్యాచ్‌లో మ్యాగజైన్ స్ట్రక్చర్ మాత్రమే ఉంది. ముందు ఎన్ని ముక్కలున్నాయో చెప్పే 8 బైట్ల లెక్క, తర్వాత 32 పాయింటర్లు, అంటే ముక్కల చిరునామాలు. నాలుగు కోర్లకూ నాలుగు స్ట్రక్చర్లు ఒక అర్రేలో వరసగా.

కాగితం మీద గీసుకున్నాను. 8 బైట్లు, దానికి 32 ఎనిమిదులు 256, మొత్తం 264. కాష్ లైన్, అంటే ప్రాసెసర్ తన కాష్‌లోకి ఒక్కసారి తెచ్చుకునే ముక్క, 64 బైట్లు. 264 అంటే నాలుగు కాష్ లైన్లు, పైన 8 బైట్లు. ఆ 8 బైట్లు కోర్ 0 చివరి గడి. అది ఉన్న కాష్ లైన్‌లోనే కోర్ 1 లెక్క మొదలవుతుంది. కోర్ 0 తన చివరి గడిలో ఏదైనా పెట్టిన ప్రతిసారీ కోర్ 1 చేతిలోంచి ఆ కాష్ లైన్‌ని లాక్కుంటుంది. లాక్ లేకుండా చేసుకున్నామని సంతోషించే లోపు హార్డ్‌వేర్ లోపల పోటీ మళ్లీ మొదలవుతుంది.

64కి అలైన్ చేయమనవచ్చు (ప్రతిదీ 64 గుణిజం దగ్గరే మొదలయ్యేలా), అప్పుడు ఒక్కోటి 320 బైట్లు అవుతుంది, 56 బైట్లు ఉత్తినే పోతాయి. కానీ 32 బదులు 31 పెడితే? 8, దానికి 248 కలిపితే సరిగ్గా 256. నాలుగు కాష్ లైన్లు, ఒక్క బైటు వృథా లేదు. అర్రే మొదలు మాత్రం 64 మీద పడేలా చూసుకుంటే చాలు. ఈ లెక్క కుదిరినప్పుడు కలిగిన సంతోషం రోజంతా ఉంది. తనకు బొమ్మ గీసి పంపాను.

ఇంకో మాట కూడా చెప్పాను. 2048 బైట్ల సైజుకు కూడా 31 ముక్కలు దాచుకుంటే ఒక్కో కోర్ దగ్గర 62 కేబీ, నాలుగు కోర్ల దగ్గర 248 కేబీ ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉంటుంది. పెద్ద సైజులకు నాలుగు చాలు.

4వ రోజు

మూడో ప్యాచ్. వేగమంతా ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే.

తీసుకునే కోడ్ మూడు పనులు చేస్తుంది. లెక్క చదువు. ఆఖరి గడిలోని పాయింటర్ తీసుకో. లెక్కను ఒకటి తగ్గించి రాయి. దీని చుట్టూ ప్రీఎంప్షన్ ఆపాడు. మధ్యలో షెడ్యూలర్ వచ్చి వేరే కోర్‌కు మార్చకుండా అది సరిపోతుంది. ఫోన్‌లో అడిగాను, ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి హార్డ్‌వేర్ పిలిచే పిలుపు) సంగతేంటని.

"ప్రీఎంప్షన్ ఆపాను కదా అక్కా, ఇంక మధ్యలో ఎవరొస్తారు?"

"టాస్క్ మారదు, సరే. నెట్‌వర్క్ కార్డ్ ఇంటరప్ట్ కొడితే? ఆ హ్యాండ్లర్ కూడా 64 బైట్లే అడుగుతుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పుకుంటూ వచ్చాడు. లెక్క 7. ఏడో గడిలోని పాయింటర్ తీసుకున్నాం. లెక్కను 6 చేయబోతుంటే ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్‌కు లెక్క ఇంకా 7 గానే కనబడుతుంది, అదే ఏడో గడిలోని అదే పాయింటర్ తీసుకుంటుంది, లెక్క 6 చేసి వెళ్తుంది. మనం వెనక్కొచ్చి మళ్లీ 6 రాస్తాం. ఒక ముక్క, ఇద్దరు సొంతదారులు. వదిలేసే వైపు కూడా ఇదే కథ, కాకపోతే అక్కడ ఒక పాయింటర్ మీద ఇంకోటి పడి ఒక ముక్క శాశ్వతంగా పోతుంది.

నోటి మాటగా సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే టెస్ట్ రాశాం. తీసుకున్న ప్రతివాళ్లూ ముక్కలో తమ గుర్తు రాయాలి, వదిలే ముందు అదే గుర్తు ఉందో లేదో చూడాలి. అలా నడిపితే చాలాసేపు ఏమీ దొరకలేదు, ఆ సందు కొద్ది ఇన్‌స్ట్రక్షన్లదే కదా. పాయింటర్ తీసుకోవడానికీ లెక్క రాయడానికీ మధ్య ఒక ఖాళీ లూప్ పెట్టి సందును వెడల్పు చేశాం. వెంటనే దొరికింది. రేస్‌ని, అంటే ఇలా ఇద్దరు ఒకేసారి ఒకదాని మీద చెయ్యి పెట్టే తప్పును, వెతికేటప్పుడు నేను ఎప్పుడూ చేసేది ఇదే: అనుమానం ఉన్న చోట ఆలస్యం పెట్టి, యంత్రం చేతే ఒప్పించడం.

5వ రోజు

మందు ఏది అన్న చర్చకు పూట పట్టింది.

క్రిస్టోఫ్ లామీటర్ రాసిన స్లబ్ అనే అలొకేటర్ ఈ సమస్యను ఎలా దాటిందో ఇద్దరం కలిసి చదివాం. 2007లో 2.6.22తో లైనక్స్‌లోకి వచ్చింది, 2024లో 6.8లో పాత స్లాబ్‌ని తీసేశాక అక్కడ మిగిలింది అదొక్కటే. మేం చదివిన ఫాస్ట్ పాత్‌లో (లాక్ తీసుకోకుండా వెళ్లే వేగపు దారి) ఇంటరప్ట్‌లు ఆపరు. కోర్ దగ్గరున్న ఖాళీ ముక్కల లిస్టు మొదటి పాయింటర్, దాని పక్కన టిడ్ అనే ఒక వరస సంఖ్య. రెండూ నేను చదివినప్పటి లాగే ఉంటేనే రెండింటినీ ఒకేసారి మార్చు, లేకపోతే మొదటి నుంచి మొదలుపెట్టు అని ప్రాసెసర్‌కే చెప్తారు.

"పాయింటర్ ఒక్కటే పోల్చితే సరిపోదా అక్కా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. లిస్టులో ముందు క, దాని వెనక గ అనే ముక్కలు ఉన్నాయనుకుందాం. మనం "ముందున్నది క, తీసేస్తే ముందుకు రావాల్సింది గ" అని చదువుకున్నాం. ఇంతలో ఇంటరప్ట్ వచ్చి క తీసుకుంది, గ కూడా తీసుకుంది, క తిరిగి ఇచ్చేసింది. మనం వచ్చి చూస్తే ముందున్నది క-నే. ఏమీ మారలేదనుకుని గ-ను ముందు పెడతాం. గ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంది. టిడ్ ప్రతి పనికీ మారుతుంది కాబట్టి ఈ మోసం జరగదు.

అంత చదివాక కూడా మా కోడ్‌కు నేను ఇంటరప్ట్‌లు ఆపే పద్ధతే అడిగాను. మాది లిస్టు కాదు, అర్రే. మూడు చిన్న పనుల కోసం ఇంటరప్ట్‌లు ఆపి మళ్లీ తెరవడం ఖర్చే, కానీ ఆరు నెలల తర్వాత ఈ కోడ్ చదివేవాళ్లకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఆ ఖర్చు నిజంగా బాధపెడుతోందని అసలు హార్డ్‌వేర్ మీద కొలిచి చూపిస్తే అప్పుడు మార్చుకుందాం.

6వ రోజు

నాలుగో ప్యాచ్ వదిలేసే వైపు. నిన్నటి సవరణ ఇక్కడా పెడితే రేస్ పోతుంది. చదివేశాను, బాగుంది అనుకున్నాను. తర్వాత ఆరో ప్యాచ్, అంటే టెస్టులు తెరిచాను. అందులో ఒక పాత టెస్ట్ మీద "దాటవేయి" అని ఒక లైన్ పడింది. కారణం: "అప్పుడప్పుడు ఫెయిల్ అవుతోంది, ఈ మార్పుతో సంబంధం లేదు."

ఆ టెస్ట్ నాకు బాగా తెలుసు, నేనే రాశాను. ఒక ముక్కను వదిలేసి, తర్వాత కావాలని దానిలో రాస్తుంది, అలొకేటర్ దాన్ని పట్టుకుని అరవాలి. పట్టుకునే పద్ధతి లైనక్స్ నుంచి తెచ్చుకున్నాం. వదిలేసిన ముక్కంతా హెక్స్‌లో 6బి అనే బైటుతో నింపుతాం, ఆఖరి బైటు ఎ5. మళ్లీ ఇచ్చేటప్పుడు ఆ నింపుడు చెదిరి ఉంటే ఎవరో వదిలేశాక ముట్టుకున్నారని అర్థం. క్రాష్ అయినప్పుడు కూడా ఇది ఎంతో ఆదుకుంటుంది. రిజిస్టర్లలో 6బి6బి6బి6బి అని వరసగా కనబడితే చచ్చిన ముక్కలోంచి పాయింటర్ చదివామని చూడగానే తెలిసిపోతుంది. ఎక్స్86-64లో అది చెల్లని రూపంలో ఉన్న అడ్రస్ కాబట్టి పేజ్ ఫాల్ట్ కూడా రాదు, జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వస్తుంది. ఆ ఫాల్ట్ పేరు చూడగానే నా కళ్లు 6బి కోసం వెతుకుతాయి.

కొత్త కోడ్‌లో ఈ నింపే పని స్లాబ్‌లోకి తిరిగి వెళ్లేటప్పుడే జరుగుతోంది. మ్యాగజైన్‌లో పడిన ముక్కకు జరగడం లేదు. పైగా మ్యాగజైన్‌లో చివర పెట్టినదే ముందు బయటికొస్తుంది, అంటే ఇప్పుడే వదిలిన ముక్క, అత్యంత ప్రమాదకరమైన ముక్క, ఏ పరీక్షా లేకుండా తర్వాతివాళ్ల చేతికి పోతోంది. టెస్ట్ అప్పుడప్పుడు పాసవడానికి కారణం మ్యాగజైన్ నిండినప్పుడు ఆ ముక్క స్లాబ్‌కు వెళ్లడమే.

తను నిజాయితీగానే రాశాడు, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్ట్‌ని ఎవరైనా అలాగే అనుకుంటారు. ఈ ఒక్క విషయం మాత్రం కామెంట్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పాను. అలొకేటర్ మార్చిన రోజున అలొకేటర్ టెస్ట్ ఊగిసలాడితే, సంబంధం లేదని తేలేదాకా సంబంధం ఉన్నట్టే లెక్క. లైనక్స్‌లో స్లబ్ డీబగ్ పెట్టుకున్న సైజులకు ఫాస్ట్ పాత్ వాడరు, ప్రతిదీ నెమ్మది దారిలోనే, పరీక్షలన్నీ దాటుకునే వెళ్తుంది. మేమూ అదే పెట్టుకుందామన్నాను. "దాటవేయి" లైన్ పోయింది.

8వ రోజు

ఐదో ప్యాచ్ గురించి రెండు రోజులు ఆలోచించాను.

డిఫ్ చిన్నది. మెమరీ అయిపోయినప్పుడు అన్ని కోర్ల మ్యాగజైన్లలో దాగి ఉన్న ముక్కలను వెనక్కి తెప్పించాలి, ఏదైనా స్లాబ్ (ముక్కలుగా కోసిన పేజీ) పూర్తిగా ఖాళీ అయితే ఆ పేజీ బడ్డీకి పోతుంది. బడ్డీ కోడ్‌లో మూడు లైన్లు: పేజీ దొరక్కపోతే అందరి మ్యాగజైన్లూ ఖాళీ చేయించు, మళ్లీ ప్రయత్నించు. ప్రతి కోర్‌కూ ఐపీఐ (ఒక కోర్ ఇంకో కోర్‌కు పంపే ఇంటరప్ట్) పంపి ఎవరి మ్యాగజైన్‌ని వాళ్ల చేతే ఖాళీ చేయిస్తున్నాడు. అది సరైన నిర్ణయం, ఎందుకంటే ఇంటరప్ట్‌లు ఆపడం అనేది మన కోర్‌ని మన ఇంటరప్ట్‌ల నుంచే కాపాడుతుంది, పక్క కోర్ వచ్చి చెయ్యి పెడితే ఆపలేదు.

డిఫ్‌లో ఏ లైన్ చూసినా తప్పు కనబడలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. డిఫ్ మూసేసి, ఈ మూడు లైన్ల దాకా ఎవరెవరు ఏ దారిలో వస్తారో ఒక్కొక్కరినీ పట్టుకుని పైకి వెళ్లాను. నాలుగో దారిలో దొరికింది.

ఎవరో 64 బైట్లు అడిగారు. మ్యాగజైన్ ఖాళీ. 64 సైజు లాక్ తీసుకుని స్లాబుల్లోకి వెళ్లాం. అక్కడా ఖాళీ లేదు. కొత్త పేజీ కోసం బడ్డీని అడిగాం, లాక్ చేతిలో ఉండగానే. పేజీ లేదు. అందరి మ్యాగజైన్లూ ఖాళీ చేయించాలి. మన మ్యాగజైన్‌లోని 64 బైట్ల ముక్కలను స్లాబ్‌కు ఇవ్వడానికి 64 సైజు లాక్ కావాలి. అది ఉన్నది మన చేతిలోనే. మన కోసం మనమే ఎదురుచూస్తూ ఆ కోర్ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. మ్యాగజైన్ ఖాళీగా ఉంటే ఖాళీ చేసే ఫంక్షన్ లాక్ జోలికి పోకుండా వెనక్కి రావాలి కదా అనుకున్నాను, రావడం లేదు, ముందే లాక్ తీసుకుంటోంది. వచ్చినా లాభం లేదు. పక్క కోర్ మ్యాగజైన్‌లో ముక్కలుంటాయి, అది మన లాక్ కోసం తిరుగుతుంది, మనం దాని జవాబు కోసం తిరుగుతాం.

బడ్డీని లాక్ పట్టుకుని పిలిచే ఆ లైన్ ఈ ప్యాచ్‌లో లేదు. వేరే ఫైల్‌లో ఉంది, చాలాకాలం కిందట నేను రాసింది. అప్పట్లో బడ్డీ ఎప్పుడూ స్లాబ్ వైపు తిరిగి చూసేది కాదు కాబట్టి అది తప్పు కాదు. ఈ మూడు లైన్లతో తప్పయింది. క్యూఈఎంయూలో (యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే నడిపి చూపే ప్రోగ్రామ్) 64 ఎంబీ ఇచ్చి నడిపే మా మామూలు టెస్టుల్లో మెమరీ ఎన్నడూ అయిపోదు, అందుకే ఎవరికీ తెలియలేదు. 16 ఎంబీకి తగ్గించి నడిపాను, ఆగిపోయింది. డీబగ్గర్‌తో లోపలికి వెళ్తే కాల్ స్టాక్‌లో (ఎవరు ఎవర్ని పిలిచారో చెప్పే వరస) కింద ఆ లాక్ తీసుకున్న ఫంక్షన్ ఉంది, పైన అదే లాక్ కోసం తిరుగుతున్న ఫంక్షన్ ఉంది.

దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఇంటరప్ట్‌లు ఆపుకున్న కోర్ ఐపీఐ పంపి జవాబు కోసం కూర్చుంటే, అదే సమయంలో పక్క కోర్ కూడా అలాగే కూర్చుంటే, ఇద్దరికీ ఎదుటివాళ్ల పిలుపు చేరదు. లైనక్స్‌లో వేరే కోర్లను పిలిచే ఫంక్షన్ ఇంటరప్ట్‌లు ఆపి ఉండగా వాడితే హెచ్చరిక ఇచ్చేది ఈ కారణానికే.

9వ రోజు

ఇది ఆ ప్యాచ్ రాసినవాడి తప్పు మాత్రమే కాదని మొదటి లైన్‌లోనే రాశాను. తర్వాత అడిగినవి: బడ్డీ దగ్గరికి వెళ్లే ముందు లాక్ వదలాలి. ఆగగలిగిన వాళ్లు అడిగినప్పుడే మ్యాగజైన్లు ఖాళీ చేయించాలి, ఇంటరప్ట్ హ్యాండ్లర్ అడిగితే నల్ ఇచ్చేయాలి. లైనక్స్‌లో జీఎఫ్‌పీ_కెర్నల్, జీఎఫ్‌పీ_అటామిక్ అని పిలిచేవాళ్లే ముందుగా చెప్పే తేడా ఇదే. మాకు అలాంటి ఫ్లాగ్ ఇప్పటిదాకా లేదు, ఇప్పుడు తప్పదు.

12వ రోజు

రెండో వెర్షన్ వచ్చింది. 31 గడులు, సైజు టెస్ట్, ఇంటరప్ట్‌లు, పాయిజన్ (ఆ 6బి నింపుడు) అన్నీ సరిగ్గా ఉన్నాయి. లాక్ వదిలి బడ్డీ దగ్గరికి వెళ్తున్నాడు, వచ్చాక మళ్లీ తీసుకుంటున్నాడు. అయితే వదిలి మళ్లీ తీసుకునే మధ్యలో లోకం మారి ఉండొచ్చు. ఇంకో కోర్ కూడా ఇలాగే వెళ్లి తన పేజీతో ముందే వచ్చి ఉంటే, మన కోడ్ "ప్రస్తుత స్లాబ్" మీద మన దాన్ని రాసేస్తోంది, వాళ్లు తెచ్చిన 4 కేబీ ఏ లిస్టులోనూ లేకుండా పోతోంది. రాసే ముందు మళ్లీ చూసి, ఒకటి ఉంటే మనది పక్క లిస్టులో పెట్టమన్నాను.

ప్రతి నాలుగో అలొకేషన్ కావాలని ఫెయిల్ చేసే స్విచ్ కూడా పెట్టాం, లైనక్స్‌లోని ఫెయిల్‌స్లాబ్ లాంటిది. రెండో ప్యాచ్ ఎర్రర్ దారిలో ఇంకా తయారుకాని మ్యాగజైన్‌ని కూడా ఫ్రీ చేసే లూప్ దొరికింది. ఒక అంకె తేడా, వెంటనే దిద్దాడు.

15వ రోజు

మూడో వెర్షన్. ఆరింటిలో ఐదు ప్యాచ్‌లకు రివ్యూడ్-బై అని నా పేరు ఇచ్చాను. రేపు ఇది ఆగిపోతే నన్ను కూడా అడగవచ్చని ఒప్పుకుని ఇచ్చిన పేరు అది.

ఐదో ప్యాచ్‌కు ఇంకా ఇవ్వలేదు. బడ్డీ మొదట్లో ఒక అసర్ట్ పెట్టమన్నాను: ఈ కోర్ చేతిలో ఏ స్లాబ్ లాక్ ఉన్నా అక్కడే ఆగి, ఎవరు పిలిచారో చెప్పాలి. పెట్టి పంపాడు. దాని పైన తెలుగులోనే కామెంట్ రాశాడు: "స్లాబ్ లాక్‌తో ఇక్కడికి రావద్దు. వస్తే మ్యాగజైన్లు ఖాళీ చేసేటప్పుడు అదే లాక్ మళ్లీ కావాల్సి వస్తుంది." దాన్ని అలాగే ఉంచమన్నాను.

16 ఎంబీ, నాలుగు కోర్లు, ఆలస్యం లూపులు ఆన్, ప్రతి నాలుగోది ఫెయిల్. రాత్రంతా నడవడానికి పెట్టాను. పొద్దున లాగ్ చూసి ఆరో పేరు సంగతి రాస్తాను.